దిగొచ్చే సీటు

మా హాల్లో ఫ్యాన్ గాలి సరిగ్గా తగిలేది ఒక్క కుర్చీకే. దాని కోసం ఆ ఉదయం మావారికీ, మాతోనే ఉంటున్న మా తమ్ముడికీ మాటామాటా పెరిగింది. టవల్ వేసి వెళ్లాను కాబట్టి కుర్చీ నాదని మావారు. టవల్‌కి చెమట పడుతుందా అని మా తమ్ముడు. మధ్యాహ్నానికి మాటలు మానేసి, ఉప్పు డబ్బా కావాలన్నా నా చేత కబురు పంపుకున్నారు.

సాయంత్రం, వాళ్లిద్దరూ పనిచేసే అంతరిక్ష శాఖ మంత్రిగారు టీవీలో చారిత్రక ప్రకటన చేశారు. వచ్చే సోమవారం దేశపు తొలి అంతరిక్ష నౌక బయల్దేరుతుంది. కెప్టెన్ మావారు, ఇంజినీర్ మా తమ్ముడు.

"అందరి నౌకలూ టెక్నాలజీ మీద నడుస్తాయి. మన నౌక నమ్మకం మీద నడుస్తుంది. బావమరిది బతకగోరతాడని పెద్దలు ఊరికే అన్నారా?" అన్నారు మంత్రిగారు. ఆయన దూరదృష్టికి నాకు ఒళ్లు పులకరించింది.

ప్రమాదం వస్తే దిగి రావడానికి నౌకలో పారాచూట్ కట్టిన చిన్న క్యాబిన్ ఉంది. అందులో సీటు ఒక్కటే. మొదట రెండు ఉండేవట. రెండోది పీకేసి అక్కడ మంత్రిగారి నిలువెత్తు ఫొటో పెట్టారు. రెండు సీట్లుంటే మన సిబ్బందికి ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదని లోకం అనుకోదూ?

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో మర్యాదలు మొదలయ్యాయి. మీరు కూర్చోండి బావా అని వాడు, అలసిపోయావు నువ్వే కూర్చోరా అని ఈయన. కుర్చీ ఒక్కటే హాయిగా గాలి తింటోంది. ఆ ప్రేమలు చూసి నాకు గుండె జారింది. ఒకరు కట్టుకున్నవాడు, ఒకడు నేను ఎత్తుకు పెంచినవాడు. ఇద్దరూ తిరిగి రావాలి. రెండో సీటు అడుగుదామని మంత్రిగారి ఆఫీసుకు వెళ్లాను.

"దిగులు పడకమ్మా. ఆ సీటు మీవారికే. మొన్నొచ్చి అడిగారు, మాటిచ్చాను."

"మరి మా తమ్ముడు?"

"నిన్నొచ్చాడు. అతనికీ ఇచ్చాను."

"సీటు ఒక్కటే కదండీ?"

"మాట కూడా ఒక్కటేనమ్మా. ఇద్దరికీ అదే ఇచ్చాను."

అవతలివాడికి దేశం కోసం ప్రాణమివ్వాలని చిన్నప్పటి నుంచీ కోరికని ఎవరికి వారే వచ్చి చెప్పారట. ఇలాంటి సిబ్బంది దొరకడం తన అదృష్టమని మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత కొత్త ప్రోగ్రామ్ చెప్పారు.

రాత్రి భోజనాల దగ్గర మంచి ముక్కలన్నీ ఒకరి కంచంలోకి ఒకరు తోసుకుంటున్నారు.

"మంత్రిగారు కూడా మీతో వస్తున్నారట," అన్నాను. "ప్రారంభోత్సవం పైన అంతరిక్షంలోనే. రిబ్బన్ కత్తిరించి, ఆ సీట్లో దిగొచ్చేస్తారట."

రెండు చేతులూ కంచాల మీద ఆగిపోయాయి. "అయితే నేను వెళ్లను," అన్నారు ఇద్దరూ. ఆ వారంలో వాళ్లిద్దరూ నిజంగా కలిసి అన్న మాట అదొక్కటే.

ఆ సంగతి మంత్రిగారికి బావ చెప్పాలని తమ్ముడు, కెప్టెన్ నోటితో బాగుండదు నువ్వే చెప్పమని మావారు. అవతలివాళ్లు ముందు చెబితే వెనకాలే తానూ చెబుతానని ఇద్దరూ అన్నారు. నమ్మండి బావా అన్నాడు వాడు. నమ్మరా అన్నారు ఈయన.

నేను కూర వడ్డిస్తూ నా నిర్ణయం చెప్పాను.

"ఎవరూ చెప్పక్కర్లేదు. మీ ఇద్దరూ తప్పకుండా నౌక ఎక్కుతారని నేనూ ఆయనకు మాటిచ్చి వచ్చాను. సోమవారం నుంచి ఆ కుర్చీ నాది."