మంచుగట్టు వెనక పియానో

ఆ శనివారం డెల్మార్ సోల్బర్గ్ పెట్టుకున్న పని ఒక్కటే. ఐదుగురు మనుషుల్ని ఇంటికి పిలిచి కడుపునిండా భోజనం పెట్టాలి, పెట్టినంతసేపూ ఫుట్‌బాల్ గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. భోజనం సంగతి సరే, రెండోది మాత్రం జరిగే పని కాదని ఆయన భార్య లోయిస్ నమ్మకం. ముప్ఫై ఏళ్లు కాపురం చేసిన మనిషి నమ్మకాన్ని తేలిగ్గా తీసెయ్యలేం.

డెల్మార్ డులూత్ టింబర్‌మెన్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి లైన్ కోచ్. లైన్ అంటే బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు గోడలా నిలబడే ఐదుగురు భారీ మనుషులు. ఆట గెలిస్తే పేరు విసిరినవాడిది, ఓడితే తప్పు ఈ ఐదుగురిది. పోయిన సీజన్లో ఆ గోడకి ఎన్ని కంతలు పడ్డాయంటే, క్వార్టర్‌బ్యాక్ డెబ్భై ఒక్కసార్లు మట్టికరిచాడు. జనవరిలో హెడ్ కోచ్ కర్క్ ఆల్డ్రిచ్ పాత లైన్లో నలుగురిని సాగనంపి, డెల్మార్‌ని గదిలోకి పిలిచాడు. "నీకు నచ్చినవాళ్లని తెచ్చుకో. సెప్టెంబరుకి లైన్ నిలబడిందా, నువ్వూ ఉంటావు. లేకపోతే నీ దారి నువ్వు చూసుకో," అన్నాడు.

డెల్మార్ నాలుగు ఊళ్లు తిరిగి నలుగురిని తెచ్చాడు. మిగిలిన పాతకాపు హుబర్‌తో కలిపి లెక్కకి ఐదుగురయ్యారు. అయితే కొత్త లైన్ కొత్త కాపురంలాంటిది, పక్కపక్కన నిలబెట్టినంత మాత్రాన కుదిరిపోదు. కుదర్చడానికి లీగ్ రూలు అడ్డం. ఏప్రిల్ మూడో వారం దాకా కోచ్ అన్నవాడు ఆటగాడికి ఆట నేర్పకూడదు. "మోకాళ్లు వంచరా" అన్నా నేరమే. భోజనం పెట్టడం మాత్రం నేరం కాదని డెల్మార్ ఆ రూళ్ల పుస్తకం రెండుసార్లు చదివి మరీ ఖాయం చేసుకున్నాడు.

ఐదుగురూ వచ్చారు, కూర్చున్నారు, లోయిస్ బంగాళాదుంపలూ మాంసమూ వేసి కాల్చిన నాలుగు ట్రేల హాట్‌డిష్‌ని చూస్తూ ఉండగానే ఖాళీ చేశారు. నోరు మాత్రం తినడానికే తెరిచారు. మధ్యలో నిలబడే సెంటర్ సియోసీ సియాటిల్ నుంచి వచ్చాడు, ఎడమ చివర నిలబడే డెమారియో జార్జియా వాడు. ఒకరి చెయ్యి దగ్గరున్న ఉప్పు ఇంకొకరికి కావాలంటే, అడగడం మొహమాటమై, లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి తీసుకుంటున్నారు. ఉప్పే అడగలేనివాళ్లు, మీదికి మనిషి దూసుకొస్తుంటే ఒకరికొకరు ఏం చెప్పుకుంటారని డెల్మార్‌కి ముద్ద దిగలేదు.

అంతలో ఫోను మోగింది. లోయిస్ మాట్లాడి వచ్చి నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది.

"పియానో మోసేవాళ్ల ట్రక్కు జారి కాలవలో పడిందట. సోమవారం దాకా రారట."

ఆ పియానో లోయిస్ తల్లిది. ఊళ్లో సగం మంది పిల్లలు దాని మీదే వేళ్లు తిప్పడం నేర్చుకున్నారు. చర్చిలో పియానో చలికి పగిలిపోతే, రేపటి పిల్లల పాటలకి దీన్ని ఇస్తానని లోయిస్ మాటిచ్చింది. ఆమె బల్ల చుట్టూ ఒకసారి చూసింది. ఒక్కొక్కడు మూడొందల ఇరవై పౌండ్లు.

"ఇంట్లో ఇంతమందిని పెట్టుకుని నేను మోసేవాళ్ల కోసం వెతుక్కోవడమేమిటి? బాబూ, చర్చి రెండు వీధుల కిందే. కాస్త సాయం పడతారా?"

"దానికేముందమ్మా," అన్నాడు డెమారియో. పొద్దుటి నుంచీ ఆ ఇంట్లో లోయిస్‌దీ డెల్మార్‌దీ కాని గొంతు వినబడటం అదే మొదటిసారి.

ఇంటి ముందు తొమ్మిది మెట్లు. మొదటి మెట్టు దాకా డెల్మార్ పళ్లు బిగబట్టుకున్నాడు. రెండో మెట్టు మీద సియోసీ నడుం నిటారుగా పెట్టి బరువెత్తడం చూసేసరికి ఆయన నోరు ఆయన మాట వినలేదు.

"నడుం కిందికి దించరా! మోకాళ్లు వంచండి! ఎడమకాలు ముందు! నేను చెప్పినప్పుడే అందరూ కదలాలి. ఇప్పుడు!"

"డెల్! నోరు!" అంది లోయిస్.

"పియానో కోసమే, లోయిస్. నీ పియానో కోసమే."

ఎదురింటి వెండెల్ రిటైరైన పోస్ట్‌మన్. నలభై ఏళ్లుగా టింబర్‌మెన్ ఆట ఒక్కటి వదల్లేదు, గెలిచినవీ ఓడినవీ అన్న తేడా పెట్టలేదు. కేకలు విని కిటికీలోంచి చూసేసరికి వాళ్లు మెట్లు దిగి వీధిలోకి వచ్చేశారు. వీధికి అటూ ఇటూ మంచు ఊడ్చే బండి పోసిన గట్టు గుండెలెత్తు ఉంది. గట్టు మీదుగా ఆయనకి కనిపించింది ఇది: కొత్త లైన్ మొత్తం వరసగా వంగి నిలబడి ఉంది, డెల్మార్ చెయ్యి ఊపుతూ అరుస్తున్నాడు, అరిచినప్పుడల్లా ఐదు వీపులూ ఒక్కో అడుగు ముందుకు పడుతున్నాయి. పియానో గట్టు వెనక ఉండిపోయింది. వెండెల్ కళ్లు చెమర్చాయి. వీడియో తీసి, అభిమానుల పేజీలో పెట్టి, కింద ఇలా రాశాడు: "మార్చిలోనే మొదలెట్టేశారు! చలిలో, జీతం లేకుండా! ఇదీ మన డెల్మార్ అంటే!"

పాపం, అంత ప్రేమగా ఎవరూ ఎవరి కొంపా ముంచి ఉండరు.

చర్చి దగ్గర పియానో దించాక పాస్టర్ రూథ్ బయటికి వచ్చి, తలుపు వంకా పియానో వంకా మార్చి మార్చి చూసింది.

"లోయిస్, కొలిచావా?"

"కొలవకపోవడమేమిటి? అంగుళాలతో సహా కొలిచాను."

"తలుపుని?"

లోయిస్ కొలిచింది పియానోని. తలుపు రెండంగుళాలు తక్కువ. పక్క తలుపు మంచులో కూరుకుపోయి ఉంది, మే నెల దాకా తెరుచుకోదు. మళ్లీ ఎత్తుపైకి మోసుకెళ్లడం తప్ప దారి లేదు. అసలే గోరుచుట్టు, దానిపై రోకటిపోటులా డెల్మార్ ఫోను మోగింది.

"నీకు మతి ఉందా పోయిందా?" కర్క్ గొంతు వీధిలో అందరికీ వినబడింది. "నడివీధిలో ప్రాక్టీసా? రెండు లక్షల మంది చూశారు!"

"ప్రాక్టీసు కాదు కర్క్, పియానో."

"ఏ పియానో? వీడియోలో పియానో ఎక్కడుంది?"

"మంచు వెనకాల."

"డెల్, నేనూ చాలా అబద్ధాలు విన్నాను. కాస్త మంచిది చూసుకుని చెప్పు. లీగ్ మనిషి మినియాపొలిస్ నుంచి బయల్దేరింది. ఎక్కడివాళ్లు అక్కడే ఉండండి, ఆ పియానో కూడా. ఈసారి నిన్ను కాపాడ్డం నా వల్ల కాదు."

అక్కణ్ణుంచి రెండున్నర గంటల దారి. చర్చి ఆడవాళ్లు కాఫీ, మిఠాయి ముక్కలు తెచ్చిపెట్టారు. ఏం తోచక సియోసీ వీధిలో ఉన్న పియానో మూత తెరిచాడు. వాళ్ల నాన్న చర్చిలో పాటలు పాడించేవాడట. ఒక్కో వేలు చపాతీ కర్రంత ఉన్నా పియానో మీటల మీద మెత్తగా పడింది. రెండో పాటకి డెమారియో గొంతు కలిపాడు. మూడో పాటకి కుడివైపు నిలబడే ఇద్దరూ లేచారు. హుబర్‌కి పాట రాదు, అయినా పాడాడు, వాడి పాటకి మిగతా నలుగురూ పొట్టలు పట్టుకుని నవ్వారు. లోయిస్ పక్కకి తిరిగి కళ్లు తుడుచుకుంది. డెల్మార్ ఒక్కడే అరుగు మీద కూర్చుని, యాభై ఎనిమిదేళ్ల వయసులో ఇంకే పని చేతనవుతుందా అని ఆలోచించుకున్నాడు. ఒక్కటీ తట్టలేదు.

లీగ్ తరఫున వచ్చిన ప్రిసిల్లా ఓడెన్ సన్నగా, పొడుగ్గా, చేతిలో అట్టకి బిగించిన కాగితాలతో కారు దిగింది. అందరి మాటా విన్నది. పియానో చుట్టూ ఒకసారి తిరిగింది.

"సోల్బర్గ్ గారూ, పియానో ఉన్నమాట నిజమే. అయితే ప్రాక్టీసు జరగలేదని పియానో సాక్ష్యం చెప్పదు కదా. దీన్ని మళ్లీ ఇంటికి తీసుకెళ్లమనండి, నేను చూస్తాను. మీరు నోరు మెదపకూడదు. వీళ్లకి కలిసి పనిచెయ్యడం రాదనుకోండి, మీరేం నేర్పలేదని రాస్తాను. వచ్చిందనుకోండి..." ఆమె పెన్ను మూత తీసింది.

చర్చివాళ్లు చక్రాల పలక ఇచ్చారు. పియానోని దాని మీదికెక్కించారు. డులూత్‌లో వీధులు నడవడానికి వేసినవి కావు, ఎక్కడానికి వేసినవి. అడుగున నిలబడి డెల్మార్ మనసులో దండం పెట్టుకున్నాడు: దేవుడా, వీళ్లకేమీ రాకుండా చూడు. పక్కనే లోయిస్ కూడా దండం పెట్టుకుంది: దేవుడా, వీళ్లు అమ్మ పియానో పడెయ్యకుండా చూడు. ఒకే ఇంటి నుంచి ఒకే నిమిషంలో రెండు అర్జీలు వస్తే ఆయన మాత్రం ఏం చేస్తాడు!

మొదట డెల్మార్ మొరే అందినట్టుంది. ఎడమకి తిప్పడానికి ఐదుగురికి ఐదు జట్లలో నేర్చిన ఐదు మాటలున్నాయి. సియోసీ "లూసీ!" అంటే డెమారియో ఆగిపోయాడు, వాళ్ల పాత జట్టులో లూసీ అంటే ఆగమని. హుబర్ "టెక్సస్!" అని అరిస్తే కుడివైపు ఇద్దరూ చెరో పక్కకీ లాగారు. పియానో ఒక గుండ్రం తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చింది.

"మోకాళ్లు వంచడం కూడా తెలియదే వీళ్లకి!" అంది ప్రిసిల్లా జాలిగా, కాగితం మీద ఏదో రాసుకుంటూ. డెల్మార్ ముప్ఫై ఏళ్ల వృత్తిలో అంత హాయైన తిట్టు తినలేదు, అంత సిగ్గూ పడలేదు.

ఎలాగో సగం ఎత్తు ఎక్కారు. జరిగిన పొరపాటుకి ఏడుపొక్కటే తక్కువగా ఉన్న వెండెల్, ఈసారి పియానో స్పష్టంగా పడేలా ఇంకో వీడియో తీసి డెల్మార్‌ని కాపాడాలని, దిగువన వీధి మధ్య నిలబడి ఫోను పైకెత్తాడు. మొత్తం పట్టడం లేదని ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు మంచుగడ్డ మీద పడింది. ముసలాయన వెల్లకిలా పడ్డాడు, లేవలేకపోయాడు. ఆ కేకకి హుబర్ తల తిప్పాడు. పలక చక్రం రాయెక్కింది, పియానో పక్కకి ఒరిగి చేతులు తప్పించుకుని, వెండెల్ ఉన్న వైపే జారడం మొదలుపెట్టింది.

లోయిస్ కెవ్వుమంది. ఐదుగురిలో ఎవరూ ఏ మాటా అరవలేదు. సియోసీ తల ఒక్కసారి కిందికి వంచి సైగ చేశాడు, అంతే. డెమారియో రెండంగల్లో దిగువకి దూకి, నడుం దించి, భుజం ఆనించి పియానోని లోపలికి నెట్టాడు. నెట్టినదాన్ని హుబర్ అందుకున్నాడు. హుబర్ అందుకున్న క్షణానికి డెమారియో అక్కడ లేడు, ఇంకా దిగువకి వెళ్లి, అప్పటికే అక్కడికి చేరిన సియోసీ పక్కన కాళ్లు తన్నిపెట్టి నిలబడ్డాడు. కుడివైపు ఇద్దరూ రెండు పక్కలా మూసేశారు. ఎక్కడా కంత లేదు. వెండెల్ బూటుకి జానెడు దూరంలో పియానో ఆగింది. లోపల ఒక తీగ టంగుమంది.

"అదిరా!" ఆ కేక ఎవరిదో డెల్మార్‌కి వెంటనే తెలియలేదు. "అదిరా నాయనా! అదీ లైనంటే!" ఆయన చేతులు రెండూ పైకెత్తి మంచులో గెంతుతున్నాడు, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. గెంతి గెంతి, ప్రిసిల్లా తనవైపే చూస్తోందని గమనించి ఆగాడు.

"నేను చూసినదాన్ని ఏమనుకోమంటారు సోల్బర్గ్ గారూ? మీరు వీళ్లకి ఏమీ నేర్పలేదనే అంటారా?"

కాదంటే సరిపోయేది. అదృష్టం కలిసొచ్చిందన్నా సరిపోయేది. డెల్మార్ ఆయాసపడుతూ నిలబడ్డ ఐదుగురినీ చూశాడు. డెమారియో వెండెల్‌ని లేవదీసి ఒంటి మీది మంచు దులుపుతున్నాడు. ఇలాంటి పిల్లల్ని చూపించి వీళ్లకేమీ రాదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

"పొద్దున మెట్ల మీద అరిచానమ్మా. మోకాళ్లు వంచమన్నాను, కలిసి కదలమన్నాను. రాసుకోండి. ఇప్పుడు చేసింది మాత్రం వాళ్లంతట వాళ్లే."

ఆమె రాసుకుంది. మే నెలలో జట్టుకి మూడు రోజుల ప్రాక్టీసు రద్దు. చెప్పేసి, కారెక్కబోతూ వెనక్కి తిరిగి, పిల్లల్నే పియానో దగ్గరికి తీసుకెళితే సరిపోయేది కదా అని లోయిస్‌తో అంది. ఆ ముక్క పొద్దుటి నుంచీ ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం కర్క్ ఫోను చేశాడు. ఉద్యోగం ఊడిందని చెబుతాడేమోనని డెల్మార్ కుర్చీలో కూర్చునే ఫోనెత్తాడు. వెండెల్ చేతిలోంచి జారిన ఫోను మంచులో నిలువుగా గుచ్చుకుని, పైనుంచి వస్తున్న పియానోతో సహా అంతా తీసిందట. వెండెల్ అది కూడా పేజీలో పెట్టాడట.

"మూడు రోజులు పోగొట్టావు," అన్నాడు కర్క్.

"పోగొట్టాను."

"ఆ జార్జియా వాడు నెట్టినదాన్ని హుబర్ అందుకున్నాడు చూడు, అది పోయినేడాది మొత్తం మీద ఒక్కసారి కూడా మనవల్ల కాలేదు." ఆగి, గొంతు తగ్గించాడు. "మన క్వార్టర్‌బ్యాక్‌కి పంపించాను. చూసి ఏడ్చాడట. సోమవారం పెందలాడే రా, పని ఉంది."

వారం తిరక్కుండా లీగ్ నుంచి ఉత్తరం వచ్చింది. అందులో ప్రిసిల్లా ఓడెన్ రాసిన వాక్యం ఇది: "ఈ ఐదుగురూ ఒకే మనిషిలా కదిలారు; గట్టి శిక్షణ లేనిదే ఇది సాధ్యం కాదని నా దృఢ అభిప్రాయం." డెల్మార్ దాన్ని ఐదు ప్రతులు తీయించి ఐదుగురికీ పంచాడు. అప్పీలు చేస్తే ఆ వాక్యం కొట్టించెయ్యొచ్చని జట్టు లాయరు ఎంతో సంబరంగా వచ్చి చెప్పాడు.

డెల్మార్ ఆ లాయరుతో నెల రోజులు మాట్లాడలేదు.