ఉత్తమ శ్రోత ఊఁ గారు

ఈ ఏటి ఉత్తమ శ్రోత పురస్కారానికి ఊఁ గారిని ఏకగ్రీవంగా ఎంపిక చేసినట్టు నిర్ణాయక సంఘం ప్రకటించింది. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. చెప్పినా ఆయన వినేవారు కాదు, అది వేరే సంగతి.

ఊఁ గారి అసలు పేరు ఇప్పుడు ఆయనకే గుర్తు చేయాలి. ఊఁ అన్నది లక్షలమంది అభిమానులు పెట్టుకున్న పేరు. ఆయన పాడ్‌కాస్టులో అతిథి చెబుతాడు, ఆయన ఊఁ అంటారు. కార్యక్రమం మొత్తం అంతే. ఇంత చిన్న మాటతో ఇంత పెద్ద మనిషి కావడం ఎలాగని కొందరు ఈర్ష్యపడుతుంటారు. వాళ్లకు ఆ ఊఁ వెనకున్న సాధన తెలియదు.

ఆయన మొదట కుర్చీలూ బీరువాలూ తయారుచేసే కంపెనీలో, ఫిర్యాదుల పరిష్కార విభాగంలో పనిచేసేవారు. కాలు విరిగిన కుర్చీవాళ్లూ తలుపు పడని బీరువావాళ్లూ ఫోన్ చేసేవారు. ఆయన రిసీవరు భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో పత్రికలోని గళ్ల నుడికట్టు నింపుకుంటూ, అవతలివాళ్లు ఊపిరి పీల్చుకున్నప్పుడల్లా ఊఁ అనేవారు. ఒక్క కుర్చీ బాగుపడలేదు. అయినా ఫోన్ పెట్టేసేముందు అందరూ ఆయనకు కృతజ్ఞతలు చెప్పేవారు. మరమ్మతుల విభాగం దండగని గ్రహించిన యాజమాన్యం దాన్ని ఎత్తేసి, ఊఁ గారికి పదోన్నతి ఇచ్చింది. ఇక ఇంట్లో సాధన సంగతి చెప్పనక్కరలేదు. పెళ్లయిన నాటి నుంచీ భార్య చెప్పిన ప్రతి మాటకూ ఆయన ఊఁ కొడుతూనే ఉన్నారు.

ఈ రత్నాన్ని గుర్తించినవాడు బావమరిది. పరుపుల కొట్టు పెట్టి మూసేసినవాడు, వ్యాపార దృష్టి ఉన్నవాడు. ఒక సెలవు రోజున బావగారు ఇంట్లోంచే ఫోన్లో ఎవరికో ఊఁ కొడుతుంటే, అవతలి గొంతు ఏడుస్తూ, "మా ఇంట్లోవాళ్లు కూడా నా మాట ఇంతసేపు వినలేదండీ" అనడం వాడి చెవిన పడింది. మర్నాటికల్లా అమ్ముడుపోని పరుపులన్నీ చీల్చి, ఆ స్పంజిని వెనక గది గోడలకు అంటించి, దాన్ని పాడ్‌కాస్టు రికార్డింగు గదిగా మార్చేశాడు. ఆ గదిలో అప్పటిదాకా అక్క కుట్టుమిషను ఉండేది. దాన్ని వంటింటి గుమ్మం పక్కకు నెట్టారు. ఆమె ఏదో అంది. ఇద్దరూ ఊఁ అన్నారు.

అదే ఊళ్లో మరొకావిడ అప్పటికే పాడ్‌కాస్టు నడుపుతుండేది. అతిథి రాసిన పుస్తకం మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా చదివి, అందులో తప్పులు ఎక్కడున్నాయో అడిగేది. పాపం, ఆమెకు వినేవాళ్లూ లేకపోయారు, వచ్చేవాళ్లూ లేకపోయారు. ప్రశ్న అడిగితే జవాబు చెప్పాలి, చెప్పాలంటే ఆలోచించాలి, ఇంత శ్రమ పెట్టే మనిషి దగ్గరికి పెద్దమనుషులు ఎందుకు వస్తారు? వాళ్లంతా ఊఁ గారి స్పంజి గదికి వరస కట్టారు.

ఒక కాంట్రాక్టరు వచ్చి, తను కట్టిన వంతెన కూలినప్పుడు తన సున్నితమైన మనసు ఎంత గాయపడిందో చెప్పుకున్నాడు. ఎందుకు కూలిందన్న చిల్లర సంగతి ఊఁ గారు ఎత్తలేదు. లోతుగా, దీర్ఘంగా ఒక ఊఁ అన్నారు. విన్నవాళ్లు కన్నీరు పెట్టుకున్నారు, కాంట్రాక్టరుకు ఇంకో వంతెన దక్కింది. తర్వాత వచ్చిన ఆరోగ్య నిపుణుడు సకల రోగాలకూ మూలం దిండేనని తేల్చాడు. ఊఁ. మర్నాటి నుంచి జనం దిండ్లు బయట పారేసి మెడనొప్పులతో తిరిగారు. ఆ మెడనొప్పి గుణమిస్తున్న లక్షణమని చెప్పడానికి అదే నిపుణుణ్ణి మళ్లీ పిలిచారు. మళ్లీ ఊఁ. ఒక ఆచార్యుడు ఊఁ గారి ఊఁలను వర్గీకరించి పరిశోధన పత్రం సమర్పించాడు. సానుభూతి ఊఁ, సందేహం లేని ఊఁ వంటివి అందులో ముఖ్యమైనవి.

ఇదంతా జోరుగా సాగుతున్న రోజుల్లోనే ఒక పొద్దున్న, టీ కప్పు ఆయన ముందు పెడుతూ భార్య అంది:

"ఏమండీ, లేచిన దగ్గర్నుంచీ ఎడమ చెవి వినపడట్లేదు. ఏదో దూదేసి కుక్కినట్టుంది."

"ఊఁ."

"డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా?"

"ఊఁ."

ఆమె చీర మార్చుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని ముందుగదిలో కూర్చుంది. ఆయన స్పంజి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. అప్పుడు ఫోన్లో తన కార్యక్రమం కింద జనం రాసిన పొగడ్తలు చదువుకుంటున్నారు కనుక, ఈ సంభాషణ జరిగినట్టు ఆయనకు తెలియదు. రెండో రోజూ చెప్పింది. తమ్ముడికీ చెప్పింది. "రికార్డింగు అవుతోందక్కా, కాస్త మెల్లగా మాట్లాడు" అన్నాడు వాడు. ఆ తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. సమస్య తీరినట్టే లెక్క.

పురస్కారం ఖాయమయ్యాక, ఆ సందర్భంగా ఒక ప్రత్యేక భాగం చేయాలని బావమరిది ప్రతిపాదించాడు. ఖర్చు భరించేది చెవి మిషన్ల కంపెనీ. అతిథి, శ్రోత వెనకున్న ఇల్లాలు. అలా ఆమె తన పాత కుట్టుగదిలోకి అతిథిగా వచ్చి, భర్త ఎదురుగా కూర్చుంది. తమ్ముడు ఆమెకు హెడ్‌ఫోన్లు తగిలించాడు.

"ఎడమవైపు వినిపిస్తోందా అక్కా?"

"లేదు."

వాడు వైరు మార్చాడు. హెడ్‌ఫోన్లు మార్చాడు. అమ్మినవాణ్ణి నాలుగు తిట్టాడు. చివరికి కుడిది ఎడమకు, ఎడమది కుడికి తిప్పి పెట్టాడు.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఎడమ చెవికే లేదు. ఆ వైరునేం అనకురా, పాపం. చెడింది నా చెవి."

వాడు నోరు తెరిచాడు కానీ, చెయ్యి మాత్రం ఆగకుండా రికార్డింగు మీట నొక్కేసింది. వృత్తి ధర్మం అలాంటిది.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఏడుపూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. "చివరికి పక్కింటావిడతో కలిసి వెళ్లాను. డాక్టరు చూసి, వెంటనే వచ్చుంటే మందులతో తిరిగొచ్చేదేమోనమ్మా, ఇప్పుడు నరం పోయింది, ఇక రాదన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదా అనడిగాడు."

"ఊఁ" అన్నారు ఊఁ గారు, అలవాటు కొద్దీ.

"చెప్పానండీ అన్నాను. మా ఆయన బాగా వింటారని పేరు కూడా ఉందన్నాను. తీరా మీ పేరు చెప్తే ఆ డాక్టరూ మీ అభిమానే. తననీ ఒకసారి ఇక్కడికి పిలవమన్నాడు."

రావాల్సిన ఊఁ రాలేదు. ఆయన కళ్లెత్తి భార్య మొహం చూశారు. ఆమె తన మాట వినడానికి తల కాస్త ఎడమకు తిప్పి, కుడి చెవి ముందుకు పెట్టి కూర్చోవడం గమనించారు. చాలా రోజులుగా ఆమె అలాగే కూర్చుంటోంది.

"ఎప్పట్నుంచి?" అన్నారు.

"మీకు చెప్పిన రోజు నుంచే."

"నాకెప్పుడు చెప్పావు?"

"టీ ఇస్తూ చెప్పాను. ఊఁ అన్నారు."

ఆయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. "నేను వినలేదు" అన్నారు. ఆయన నోట అబద్ధం కాని వాక్యం మైకులో పడడం అదే మొదలు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆయన మనిషిగానే ఉన్నారు. పాపం, ఎక్కువసేపు ఉండనివ్వలేదు.

ఆమె కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లగానే బావమరిది తలుపు దగ్గరికి వేశాడు.

"బావగారూ, అక్క చెప్పింది బంగారం. కానీ మీరు మధ్యలో ప్రశ్నలడిగారు. జనం అలవాటు పడ్డది దేనికి, మీ ఊఁకి. పైగా 'నేను వినలేదు' అన్నది ఉంచితే చెవి మిషన్లవాళ్లు ఊరుకుంటారా, పురస్కారంవాళ్లు ఊరుకుంటారా? ఆ ముక్క కోసేసి, దాని చోట ఓ మంచి ఊఁ వేసేస్తా. పాతవి బోలెడున్నాయి. వేసెయ్యమంటారా?"

వంటింట్లోంచి కప్పులు కడుగుతున్న చప్పుడు వస్తోంది. ఊఁ గారు ఆ చప్పుడు విన్నారు. బావమరిది అడిగిందీ పూర్తిగా, స్పష్టంగా, ఆఖరి మాట దాకా విన్నారు. వినే, అన్నారు.

"ఊఁ."

ఆ భాగం అన్ని రికార్డులనూ బద్దలు కొట్టింది. "ఆమె మౌనంగా మోసిన బాధకు ఆయన ఇచ్చిన ఆ ఒక్క ఊఁలో ఒక దాంపత్యం మొత్తం వినిపించింది" అని ఒక విమర్శకుడు రాశాడు. దాని మీద ఒక కవయిత్రి పద్యం కట్టింది. ఆ ఊఁ వంతెన కాంట్రాక్టరుకు అన్నది. నాణ్యమైన సరుకు కాబట్టి ఎక్కడైనా అతికింది.

పురస్కార సభలో అధ్యక్షులవారు ప్రసంగించారు. "మాట్లాడేవాళ్లు కోకొల్లలు. వినేవాడు యుగానికొక్కడు. ఈయన చెవులు జాతి సంపద. భావితరాలు ఈ చెవుల అడుగుజాడల్లో నడవాలి" అన్నారు. చెవులకు అడుగులేమిటని ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఎవరూ వినడం లేదు. ఆ వెంటనే కంపెనీవారు వేదిక మీదే ఇల్లాలికి ఒక చెవి మిషను ఉచితంగా బహూకరించి, నరం పోయిన ఎడమ చెవికే తగిలించారు, కెమెరాలు అటువైపు ఉన్నాయి కనుక.

"ఇప్పుడెలా వినిపిస్తోందమ్మా?" అని మైకు పట్టారు.

"ఇదివరకటిలాగే" అంది ఆమె.

చప్పట్లు మోగిపోయాయి. ఊఁ గారు కూడా కొట్టారు. కొడుతూ ఆమెవైపు చూడలేదు.

ఇంటికొచ్చాక ఆమె ఒకే ఒక్క మార్పు చేసింది. భోజనాల బల్ల దగ్గర తన కుర్చీ ఇటునుంచి అటు వేసుకుంది. ఇప్పుడు ఆమె ఎడమ చెవి ఆయనవైపు ఉంటుంది. ఈమధ్య ఆయన అన్నం ముందు కూర్చుని అప్పుడప్పుడు నిజంగానే ఏదో చెప్పబోతారట. ఆమె తన పళ్లెంలోకి చూసుకుంటూ ఊఁ అంటుంది. ఆచార్యుడి పరిశోధన పత్రంలో ఈ రకం ఊఁ లేదు.

ఆ భాగం మీరూ వినే ఉంటారు. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కూర తరుగుతూనో, మంచం మీద వాలిపోయో విని, కళ్లు తుడుచుకుని, ఇంకో నలుగురికి పంపి ఉంటారు. సరిగ్గా అప్పుడే మీ ఇంట్లో ఒకరు గుమ్మం దగ్గర నిలబడి మీతో ఏదో అన్నారు. మీరు ఊఁ అన్నారు. అదేమిటో వెళ్లి అడగండి, మళ్లీ చెప్పే ఓపిక వాళ్లకింకా ఉంటే.