వేటగాళ్ళు లేస్తే లేద్దాం

తుఫాను వేటగాళ్ళను ఆడిపోసుకునే వాళ్ళ నోట్లో ఈ వసంతం గుప్పెడు ఎర్రమట్టి పడుగాక!

మన డ్రైఫోర్క్ ఊళ్ళో ఈ మధ్య ఎక్కడ నలుగురు కూడినా ఇదే గోల. ఆకాశం కొంచెం మూతి ముడిస్తే చాలు, సుడిగాలిని వెంటాడి వీడియోలు తీయడానికి ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని ఊడిపడుతున్నారట. రోడ్లు నిండిపోతున్నాయట. మన గోధుమ చేలో బళ్ళు వెనక్కి తిప్పుకుంటున్నారట. ఏం మాటలండీ ఇవి? గడప తొక్కిన చుట్టాన్ని ఇలా అంటారా ఎవరైనా?

డెబ్బై తొమ్మిదేళ్ళుగా ఈ ఓక్లహోమా గాలి మింగి బతుకుతున్నవాణ్ణి. ఒకే గది ఉన్న బడిలో, అదీ కిటికీ పక్క బెంచీ మీద, చదువుకున్నవాణ్ణి. అంచేత పాఠాల కంటే మబ్బులే ఎక్కువ వంటబట్టాయి. ఆ హోదాలో చెబుతున్నాను, వినండి. తుఫాను వేటగాడు మన పాలిటి వరం!

పూర్వం మన ఊరికి ఎవరొచ్చేవారు? గోధుమలు కొనేవాడు, ఓట్లడిగేవాడు, దారి తప్పినవాడు. ఇప్పుడో? మే నెల వచ్చిందంటే కెఫేలో కుర్చీ దొరకదు. వాళ్ళ బళ్ళ సోకు చూశారా? నెత్తి మీద గొడుగులు, గాలి జోరు కొలవడానికి గిర్రున తిరిగే గిన్నెలు, నాలుగు వైపులా కెమెరాలు! ఒక బండికి ఎన్ని గొట్టాలున్నాయంటే, మా ఆవు అది పాలు పితికే మిషననుకుని వెళ్ళి దాని పక్కన బుద్ధిగా నిలబడింది.

ఇక మర్యాద సంగతి. ఎదురొచ్చిన బండికల్లా స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరించడం మన ఆచారం కదా? పోయిన ఏడు విత్తనాల కొట్టుకు వెళ్ళి వచ్చేసరికి నాలుగొందల బళ్ళు ఎదురయ్యాయి. ఆచారం మానుకోలేను కదా! వేలు వంకాయంత వాచింది. వారం రోజులు ఎవరినీ పలకరించొద్దని డాక్టరు కట్టు కట్టాడు. ఆ వారమంతా జనం నన్ను పొగరుబోతు అనుకున్నారు. అయినా చెప్పండి, ఈ వయసులో నాలుగొందల మందితో పలకరింపులంటే మాటలా?

సాక్ష్యం సంగతో? నా చిన్నతనంలో గాలి మా పశువుల కొట్టం పైకప్పును ఎత్తుకెళ్ళి, మూడు మైళ్ళ అవతల ఒకాయన కొట్టం మీద అంగుళం తేడా లేకుండా అతికించి పోయింది. ఆ రోజు నుంచి ఆయన ఆవులు మా ఆవుల్లా అరవడం మొదలుపెట్టాయి. ఒక్కడు నమ్మాడా? అప్పుడే ఈ వేటగాళ్ళుంటే వీడియో ఉండేది, నా పరువూ ఉండేది!

ఇవన్నీ చిన్న ఉపకారాలు. అసలు ఉపకారం వేరే ఉంది.

మన సైరన్ సంగతి మీకు తెలిసిందే. కౌంటీలో ఏ మూల సుడిగాలి కాలు పెట్టినా అది ఇక్కడ మోగుతుంది. అది మోగగానే మనమేం చేస్తాం? నేలమాళిగలోకి దిగుతామా? ఛ! కాఫీ కప్పుతో వరండాలోకి వచ్చి ఆకాశం చూస్తాం. అబద్ధమాడేవాళ్ళు చెయ్యెత్తండి!

సైరన్‌ను నమ్మలేం. టీవీ వాణ్ణి అసలే నమ్మం. మరి ఎవర్ని నమ్మాలి? వేటగాడిని! వాడు రోడ్డు పక్కన తాపీగా కూర్చుని వేరుశెనగలు నములుతున్నాడా, తుఫాను ఇంకెక్కడో ఉన్నట్టు. బండి తిప్పి దౌడు తీశాడా, నేలమాళిగ తలుపు తీయాల్సిందే. వాడి యంత్రాలకు తెలియనిది, వానకు ముందు నొప్పెట్టే మన మోకాళ్ళకు తెలుస్తుందా?

ఈ సూత్రం కనిపెట్టింది నేను కాదు. మా ఎదురింటి ఓనీటా. ఎనభై నాలుగేళ్ళ మనిషి, వాకర్ పట్టుకుని నడుస్తుంది. చక్రాల మీద తెచ్చి దించిన రేకుల ఇల్లు ఆమెది. నేలమాళిగ లేదు. అవసరమైతే నేను పికప్ ట్రక్కు వేసుకుని రోడ్డు దాటి, ఆమెను ఎక్కించుకుని మా మాళిగలోకి తేవాలని మా ఇద్దరి మధ్య ఇరవై ఏళ్ళ ఒప్పందం.

"తొందరపడకు హోబర్ట్," అనేది. "వాళ్ళు లేస్తే నేనూ లేస్తా."

పోయిన మే నెలలో ఒక సాయంత్రం, ఐదు గంటలప్పుడు, సైరన్ మోగింది. ఇద్దరం మా మా వరండాల్లోకి వచ్చాం. మధ్యలో రోడ్డు లేదు! ఉండాల్సిన చోట బళ్ళున్నాయి. ఇటు రెండు వరసలు, అటు రెండు వరసలు, మూతికి తోక తగిలించుకుని, ఈ కంచె నుంచి ఆ కంచె దాకా. పడమట మబ్బు పచ్చగా, కుళ్ళిన ద్రాక్ష రంగుకు తిరిగింది. కింద తోకలాంటిది వేలాడుతోంది.

"అక్కా, పద!" అని అరిచాను.

"వాళ్ళింకా కదల్లేదుగా!" అని ఆమె బఠాణీలు ఒలుచుకుంటూనే ఉంది.

నిజమే, కదల్లేదు. వందల బళ్ళు, ఒక్కటీ కదల్లేదు. అంతమంది చదువుకున్నవాళ్ళు కూర్చుని ఉండగా నేనెవర్ని భయపడటానికి? నేనూ నా కప్పులో ఇంకాస్త కాఫీ పోసుకున్నాను. అందరూ ఒక్కసారి హారన్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆహా, ఎంత సంబరమో అనుకున్నాను.

అప్పుడు మా గేటు ముందు బండిలో ఉన్న కెండల్ అనే వేటగాడు కిటికీలోంచి తల బయటపెట్టాడు. ముఖం పాలిపోయి ఉంది.

"ఏం నాయనా, మంచి బొమ్మ దొరికిందా?" అన్నాను.

"బొమ్మా లేదు, బొందా లేదు పెద్దాయనా! అరగంట నుంచి పారిపోదామని చూస్తున్నాం. దారేదీ?"

కప్పు ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

పికప్ గేటు దాటదు. బళ్ళ మధ్య పిల్లి దూరే సందు లేదు. ఏం చేయాలి? ఒక బండి తలుపు తీసి లోపలికెక్కి, రెండో వైపు తలుపులోంచి దిగాను. అలా నాలుగు బళ్ళు దాటి అవతలి ఒడ్డు చేరాను. ఓనీటాను పట్టుకుని అదే దారిన వెనక్కి బయల్దేరాను. మొదటి బండిలో ఒకాయన శాండ్‌విచ్ తింటూ, మేము ఒళ్ళోంచి దాటుతుంటే కాళ్ళు ముడుచుకున్నాడు. సంస్కారం! రెండో బండిలో ఒకావిడ కెమెరాతో లోకానికి ఏదో చెబుతోంది.

"కొంచెం తల వంచండమ్మా, తుఫానుకు అడ్డొస్తున్నారు," అంది.

"నేను అడ్డొస్తే ఆగుతుందా తల్లీ? అయితే ఇక్కడే కూర్చుంటా," అంది ఓనీటా.

వెనకనుంచి తోసి దించాను. ఎనిమిది మందికని కట్టిన మా మాళిగలోకి ముప్ఫై ఒక్క మంది దిగారు. ఊరగాయ సీసాల అరల మీద కూడా మనుషులే. ఆ తోపులాటలో ఆఖరి మెట్టు మీద ఓనీటా పడిపోయింది. తుంటి ఎముక విరిగిన చప్పుడు సైరన్‌లో కూడా వినబడింది.

"తలుపు ఒక్క బెత్తెడు తీసి ఉంచుదామా? షాట్ బాగా వస్తుంది," అన్నాడు కెండల్. నొప్పితో మెలికలు తిరుగుతూనే ఓనీటా వాకర్‌తో వాడి మోకాలు మీద ఒకటిచ్చింది.

మూడు నిమిషాలు. పైకొచ్చి చూస్తే మా ఇల్లుంది. ఓనీటా ఇల్లు లేదు. ఆమె కూర్చున్న కుర్చీ లేదు. వరండా మెట్లు రెండు మాత్రం ఎవరింటికీ చెందనట్టు అక్కడే నిలబడి ఉన్నాయి.

అంబులెన్సు నడిపే డ్వెయిన్‌కు ఫోన్ చేశాను. రెండు మైళ్ళ దూరంలో ఉన్నాడు. పావుగంటకు మళ్ళీ చేశాను.

"నీ ఇల్లు కనబడుతోంది బాబాయ్, రావడానికే కుదరట్లేదు," అన్నాడు. "ఇల్లు పోయిన చోటు చూద్దామని ఇంకో వంద బళ్ళొచ్చాయి. హారన్ కొడితే చేతులూపుతున్నారు. మనం కూడా చూడ్డానికే వచ్చామనుకుంటున్నారు!"

చివరికి బండి అక్కడే వదిలి, స్ట్రెచర్ భుజాన వేసుకుని, గోధుమ చేలో పడి నడిచొచ్చాడు. యాభై నిమిషాలు. వెళ్ళేటప్పుడు స్ట్రెచర్ ఒక కొస కెండల్ పట్టుకున్నాడు. మంచివాడే. రెండో చేత్తో ఫోన్ పట్టుకున్నాడు.

లోపల నెత్తురు కారిందనీ, ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదనీ ఆస్పత్రిలో చెప్పారు. చూశారా మరి! ఇంకా అరగంట మిగిలే ఉంది. అంత తొందరపెట్టామెందుకో డ్వెయిన్‌ను, పాపం.

కెండల్ బండి మీద వదిలేసి వచ్చిన కెమెరా తీసిన వీడియోను యాభై లక్షల మంది చూశారట. రేకుల ఇల్లు గాల్లోకి లేచి, కాగితంలా మడత పడుతుంది. అందరూ అద్భుతం అని రాశారు. పక్క బండి కిటికీలో ఒక క్షణం వాకర్ ఒకటి అడ్డంగా దాటుతుంది. అదేమిటని ఒక్కరూ అడగలేదు.

వేటగాళ్ళ బాబులూ, కెఫేలో పప్పు, మొక్కజొన్న రొట్టె తింటూ ఈ పత్రిక మీరూ తిరగేస్తారని తెలుసు. రండి! మళ్ళీ మే వచ్చింది. నా వేలు తగ్గింది, పలకరిస్తాను. ఒక్కటే మనవి. రోడ్డులో ఒక వరస ఖాళీగా వదలండి. అంబులెన్సు కోసమా? ఛ, ఛ! మా కోసమా? మేమెంతమందిమి! మీ కోసమే. మీరు పారిపోవడానికి దారుంటేనే కదా, పారిపోవాలని మాకు తెలిసేది?

ఓనీటా తిరిగొచ్చింది. అదే చోట ఇంకో రేకుల ఇల్లు దింపించుకుంది. చెప్పినా వినదు. నిన్న వెళ్ళేసరికి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒళ్ళో బఠాణీలు. అయితే కుర్చీ ఈసారి రోడ్డు వైపు లేదు. రోడ్డుకు వీపు పెట్టి, పడమటి వైపు తిప్పుకుంది.

"ఏమక్కా, వేటగాళ్ళ మీద అలిగావా?" అన్నాను.

"అలకెందుకు హోబర్ట్? పాపం, వాళ్ళేం చేస్తారు, ఇరుక్కుంటారు," అంది ఆకాశం మీంచి చూపు తిప్పకుండా. "మబ్బుకు ట్రాఫిక్ లేదు."