స్వామివారి పది శాతం

మా ఇందిరాపురం ఫ్లాటు వంటింట్లో పుట్టిన పొడుల కంపెనీకి వ్యవస్థాపకులం ఇద్దరం. దంచింది మా ఆవిడ కమల, తుమ్మింది నేను. వాటాలు మాత్రం సగం సగం.

పొట్లం మీద ఎవరి ఫోటో వేయాలన్న దగ్గర చిక్కొచ్చింది. నాదని నేను, తనదని తను. సగం దాటినవారి మాటే నెగ్గుతుందన్నాడు మా ఆడిటరు శశిధర్. సొసైటీలో అతన్ని శాతాల శశిధర్ అంటారు.

మర్నాడు పూజలో నాకో ఉపాయం తట్టింది. స్వామే ఇచ్చాడనుకున్నాను. ఇప్పుడు అనుమానంగా ఉంది.

“కమలా, మన పెద్దలు వ్యాపారంలో స్వామికి వాటా ఇచ్చేవారు. మనమూ పది శాతం ఇద్దాం.”

“ఇద్దాం. ఎవరి వాటాలోంచి?”

“నీ వాటాలోంచి. నేను రోజూ పూజ చేస్తున్నాను కదా, నా వంతు ముట్టినట్టే.”

“అచ్ఛా. మరి నేను వండే నైవేద్యం?”

“అది చివరికి నేనే తింటున్నాను.”

చింతపండులో గింజను చూసినట్టు నన్ను చూసి, “ఠీక్ హై” అంది.

దేవుడి పేరున వాటాలు రాయడం కుదరదన్నాడు శశిధర్. సరే, స్వామి తరఫున నా పేరునే రాయించుకున్నాను. నా యాభై, స్వామివారి పది, వెరసి అరవై. సాయంత్రమే జుట్టుకు రంగేసుకుని ఫోటో దిగొచ్చాను.

పొట్లాలు అచ్చుకు ఇచ్చేలోపే, వారం తిరక్కుండా గురుగ్రామ్ నుంచి సునంద గారని ఒకావిడ వచ్చారు. కంపెనీలో పెట్టుబడి పెడతారట. అందుకు కొత్త వాటాలు పుట్టించి ఇవ్వాలట. మన కంపెనీకి పెట్టుబడా అని మురిసిపోయి, అందరికంటే ముందు నేనే సంతకం పెట్టాను.

శశిధర్ కొత్త లెక్క అందరి ముందూ చదివాడు. “వ్యవస్థాపకుల వాటా ఎంతో, ఎవరిది ఎవరి చేతిలో ఉందో దాచకూడదు అంకుల్. మీది నలభై శాతం. మీ చేతిలో ఉన్న స్వామివారిది ఎనిమిది. ఆంటీది ముప్ఫై రెండు. సునంద గారిది ఇరవై.”

“నా వాటాలు ఎవరు తీసుకున్నారయ్యా?”

“ఎవరూ తీసుకోలేదు. మీవన్నీ మీ దగ్గరే ఉన్నాయి. మొత్తం పెరిగింది కాబట్టి మీ శాతం తగ్గింది. విలువ మాత్రం పెరిగింది.”

ఎవరూ తీయకుండానే తగ్గడం, తగ్గుతూనే పెరగడం. ఎన్నో పురాణాలు విన్నాను గానీ ఇలాంటి మాయ వినలేదు. తెలియకుండానే చేతులు జోడించాను. ఎవరికో మాత్రం తెలియదు.

“ఇక ఫోటో సంగతి తేల్చండి” అంది కమల.

నా తరఫునా స్వామి తరఫునా చెయ్యెత్తాను. నలభై ఎనిమిది. కమల ఎత్తింది. పక్కనే సునంద గారూ ఎత్తారు. యాభై రెండు.

“ఈవిడ నీకు ముందే తెలుసా?”

“మన కందిపొడి మొదటినుంచీ కొంటున్నారు. మీరు స్వామికి నా వాటా ఇప్పించిన రోజే ఫోన్ చేశాను.”

“స్వామి నావైపు ఉన్నా ఓడిపోయానేమిటి?”

“ఆయన మీవైపు ఉన్నాడని ఎవరన్నారు? మీ చేతిలో ఉన్నాడు, అంతే.”

ఇప్పుడు పొట్లం మీద కమల నవ్వుతోంది. నా ఫోటోను ఏం చేయాలో తెలియక స్వామి పటం వెనక పెట్టాను. హారతి ఇచ్చేటప్పుడు దానికీ కాస్త సెగ తగులుతూనే ఉంటుంది.