పద్దెనిమిది ఊళ్ల కొమ్ము పురుగు

జాతి ప్రగతికి అసలు శత్రువు నకలేనని గంగాధరరావుగారు 2006 జూన్‌లో ప్రకటించారు!

ఆ ప్రకటన విన్న జాతి భవానీదేవి ఒక్కతే. ఆ పూటే ఆవిడ రెండో అట్లకాడ అటకెక్కింది. "ఒకే పనికి రెండెందుకే? డూప్లికేట్!" అన్నారాయన. ఇలాంటి మొగుడితో ఇరవై రెండేళ్ల కాపురం! ఆయనకు నకలు లేకపోవడమే ఆవిడ అదృష్టం.

గంగాధరరావుగారు కొత్తపేటలో కొబ్బరి తెగుళ్ల ఇన్‌స్పెక్టరు. ఆఫీసు ఫైళ్లన్నిటినీ వాణి అనే ఆపరేటరు ఆర్నెల్లు కూర్చుని కంప్యూటర్లోకి కొట్టింది. ఇక ఒకేలా ఉన్న ఫైళ్లను యంత్రమే పట్టేస్తుంది. అది చూపించడానికి సభ పెట్టిస్తున్నది ఈయనే. సభ పండితే అమలాపురానికి ప్రమోషను.

"ఏమండీ, మన రిపోర్టులు కూడా ఎక్కించేరా?" అడిగింది భవానీదేవి కంగారుగా.

"ముందవే! మనం ఆదర్శం చూపించొద్దూ?"

"అవన్నీ నేను రాసినవి కదండీ. పోయినేడుది చూసి తేదీ మార్చెయ్యమనేవారు."

"పిచ్చిదానా, అది ఫార్మాటు! అయినా ఆ యంత్రానికి తెలుగొచ్చేంటి?"

ఆవిడ బియ్యే చదివింది. రాత గుండ్రంగా ఉంటుందని ఏటా ఆవిడ చేతే రాయించి, కింద సంతకం మాత్రం స్వయంగా పెట్టేవారాయన.

సభకి కాకినాడ నుంచి జాయింట్ డైరెక్టరు సూర్యారావుగారు వచ్చారు. భవానీదేవి బండారులంక చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. వాణి మీట నొక్కింది.

"ఎన్ని నకళ్లొచ్చేయమ్మా?" అన్నారు గంగాధరరావుగారు హుషారుగా.

"నూట తొంభై ఎనిమిదండీ."

"భేష్! ఎవడా ఘనుడు?"

"అన్నీ మీవేనండి." వాణి చదివింది. "'నేను స్వయముగా చెట్టెక్కి చూడగా మొవ్వులో కొమ్ము పురుగు ఒకటి కనబడినది. నన్ను చూచి పారిపోయినది.' పద్దెనిమిది ఊళ్లు, పదకొండేళ్లండి."

డైరెక్టరుగారు లేచారు. "అన్ని ఊళ్లూ ఒక్క పురుగే తిరిగిందా? ప్రమోషను దానికివ్వాలయ్యా!"

"కింద ఇంకోటుందండి," అంది వాణి. "'స్వయముగా వెళ్లి సరిచూచితిని. పురుగు మాట నిజము. సూర్యారావు.' అదీ నూట తొంభై ఎనిమిదేనండి."

డైరెక్టరుగారు మెల్లిగా కూర్చున్నారు. మంచినీళ్లు తాగారు.

"ఈ అమ్మాయే ఒక్క కాగితాన్ని పదే పదే కొట్టేసుంటుంది. రేపట్నుంచి రావద్దను. నీ ప్రమోషనుకేం ఢోకా లేదు, గంగాధరం!"

"ఆయ్! అంతేనండి!"

వాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. భవానీదేవి చీర సర్దుకుని లేచింది.

"ఏమండీ, అసలు కాగితాలు నూట తొంభై ఎనిమిదీ బీరువాలో ఉన్నాయి కదా, తెప్పించండి. తప్పు ఈ అమ్మాయిదో కాదో నా చేతిరాతే చెబుతుంది. పురుగు పారిపోయిందన్నది మొదటేడు నేను సరదాకి కలిపేనండి, సంతకానికి ముందు చదువుతారేమోనని. కింద డైరెక్టరుగారి మాటా నేనే రాసి పెట్టేదాన్ని. మీరూ చదవలేదు, డైరెక్టరుగారూ చదవలేదు."

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. గంగాధరరావుగారు భార్య వంక చూశారు, వాణి వంక చూశారు. జేబురుమాలుతో మొహమంతా తుడుచుకున్నారు.

"అమ్మాయిది కాదండి, తప్పు నాదే," అన్నారు చివరికి, మైకులోనే. "పదకొండేళ్లలో ఒక్క చెట్టూ ఎక్కలేదు. అసలు నాకు చెట్టెక్కడం రాదండి!"