అంగుళం అక్షరాల తలుపు

షెల్బీకి లోకంలో అన్నింటికన్నా పెద్ద భయం ఒక్కటే. తన నాలుగేళ్ల కూతురు జూనీ కళ్ల ఎత్తూ, బ్లూస్టెమ్ ఊరి మగవాళ్ల నడుం ఎత్తూ సరిగ్గా ఒకటే కావడం. ఆ నడుములకు తుపాకులు వేలాడుతుంటాయి. జూనీకేమో వేలాడేది ఏది కనిపించినా ఒకసారి లాగి చూడందే తోచదు. ఇప్పటివరకు రెండు కర్టెన్లు, పక్కింటి కుక్క తోక, పాస్టరుగారి టై అయిపోయాయి. తరువాతి వంతు దేనిదో తల్లికి తెలుసు.

ఇది భయపడవలసిన విషయమే కాదని ఊరు ఊరంతా ఆమెకు ఎంతో ఓపికగా చెప్పింది. టెక్సాస్‌లో ఎండ ఉంటే టోపీ పెట్టుకుంటారు, నడుం ఉంటే తుపాకి పెట్టుకుంటారు. ఎండకు లేని అభ్యంతరం నడుముకు ఎందుకు?

షెల్బీ పనిచేసేది వెర్నా కెఫేలో. అక్కడ కిటికీ పక్కనున్న పొడుగాటి బల్లను ఆరుగంటల బల్ల అంటారు. రోజూ పొద్దున ఆరింటికి ఊరి పెద్దమనుషులు ఎనిమిదిమంది ఆ బల్ల దగ్గర చేరి, పదింటిదాకా ప్రపంచాన్ని నడిపించి, ఆ తరువాత అలసిపోయి ఇంటికి వెళతారు. గోడకు ఎనిమిది మేకులు, మేకుకొక కప్పు, కప్పుకొక పేరు. మనిషి పోతే తప్ప మేకు ఖాళీ కాదు. ఈ బల్లకు పెద్ద డెల్‌బర్ట్ ప్రూయిట్ గారు. ఇన్సూరెన్సు ఏజెంటు. ఊళ్లో అందరికీ ఎప్పుడేం జరగవచ్చో ముందే ఊహించి చెప్పగలిగిన మహానుభావుడు, జూనీ విషయంలో తప్ప.

మార్చి నెలలో ఒక ఉదయం పిల్లల బడికి పేల సెలవు ఇచ్చారు. అంటే ఎవరి తలలోనో పేలు కనిపించాయి, అందరినీ ఇంటికి పంపేశారు. చేసేదిలేక షెల్బీ జూనీని కెఫేకి తీసుకొచ్చి, వెనక బల్ల దగ్గర రంగుపెన్సిళ్లు ఇచ్చి కూర్చోబెట్టింది. పిల్ల బుద్ధిగా రెండు గుర్రాలకు రంగు వేసింది. ఆ తరువాత బాత్రూముకు వెళ్లొచ్చింది. వచ్చి తల్లి గౌను లాగింది.

"అమ్మా, లోపల ఎవరో తుపాకి మర్చిపోయారు."

షెల్బీ చేతిలో కాఫీ జగ్గు ఆగిపోయింది.

"నేను ముట్టుకోలేదమ్మా," అంది జూనీ. కాసేపు ఆలోచించి, "ఒక్కసారే ముట్టుకున్నా," అంది.

జగ్గు కిందపడి ముక్కలైంది. ఆ చప్పుడుకు ఆరుగంటల బల్ల దగ్గర స్టకీ గారు ఉలిక్కిపడి నడుం తడుముకున్నారు. "అరెరె, అది నాదే!" అన్నారు, గొడుగు మర్చిపోయిన మనిషిలా.

ఇందులో వింతేమీ లేదు. బాత్రూములో కూర్చున్నప్పుడు బెల్టు వదులు చేయాలి, చేస్తే తుపాకి జారుతుంది, జారకుండా దాన్ని కాగితపు చుట్ట మీద పెట్టాలి, పెట్టినది మర్చిపోవాలి. వెర్నా దగ్గర మర్చిపోయిన వస్తువుల పెట్టె ఒకటుంది. అందులో ఆ ఏడాది నాలుగు కళ్లజోళ్లు, కట్టుడుపళ్లు సగం, మూడు పిస్తోళ్లు చేరాయి. పళ్ల కోసం మటుకు ఇంకా ఎవరూ రాలేదు.

జూనీ నిజాయితీని అందరూ మెచ్చుకున్నారు. డెల్‌బర్ట్ గారు లేచి నిలబడి, "చూశారా, దొరికినదాన్ని దాచుకోకుండా చెప్పింది. ఇదీ పెంపకమంటే!" అన్నారు. బల్లంతా చప్పట్లు కొట్టింది. స్టకీ గారు పిల్లకు పెద్ద పాన్‌కేకు ఇప్పించారు. నేల మీద గాజుముక్కలు ఏరుతున్న షెల్బీ భయం ఎవరికీ కనబడలేదు. కనబడినా కాఫీ చల్లారడం గురించి అనుకునేవారు.

"మిస్ వెర్నా, తలుపుకి బోర్డు పెట్టండి," అంది షెల్బీ వంటింట్లోకి వచ్చి. "తుపాకులు లోపలికి తేకూడదని. లేకపోతే నేను రేపట్నుంచి రాను."

వెర్నాకి డెబ్బై రెండేళ్లు. పొయ్యి మీంచి తల తిప్పకుండానే, "నువ్వు పోతే ఆ ఎనిమిదిమంది ముసలి పీనుగుల్నీ నేనొక్కదాన్నే భరించాలా? దానికంటే బోర్డే నయం తల్లీ," అంది.

అట్ట తెచ్చి వెర్నా స్వయంగా రాసింది: "దయచేసి తుపాకులు బండిలో వదిలి రండి. ప్రేమతో, వెర్నా." పక్కన జూనీ పొద్దుతిరుగుడు పువ్వు వేసింది.

మర్నాడు ఆరింటికి పెద్దమనుషులు తలుపు ముందు ఆగారు. డెల్‌బర్ట్ గారు జేబులోంచి కొలత టేపు తీశారు. అక్షరాలను ఒక్కొక్కటిగా కొలిచారు. "ముప్పాతిక అంగుళం," అని ప్రకటించారు. వెంటనే ఎనిమిదిమందీ తుపాకులతో సహా, ఎంతో చట్టబద్ధంగా లోపలికి వచ్చి కూర్చున్నారు.

వెర్నా ఫోను చేస్తే షెరీఫ్ ఆఫీసు నుంచి డిప్యూటీ హోలిస్ వచ్చాడు. మంచివాడు. టోపీ తీసి మాట్లాడతాడు.

"చట్టప్రకారం అక్షరం అంగుళం ఉండాలమ్మా. లేకపోతే ఆ బోర్డు లేనట్టే."

"ఉంది కదండీ, ఎదురుగా కనిపిస్తోంది," అంది షెల్బీ.

"నాకూ కనిపిస్తోంది. చట్టానికి కనిపించదు. ఇంకోటి, చట్టంలో ఏ మాటలున్నాయో అవే రాయాలి. అందులో 'దయచేసి' లేదు. ప్రేమ అసలే లేదు. పువ్వు సంగతి నేను పైవాళ్లని అడిగి చెప్పాలి."

అతడు చదివి వినిపించిన నిబంధనలు విజ్ఞులైన పాఠకుల సౌకర్యార్థం ఇక్కడ ఇవ్వడమైనది. కనిపించే తుపాకికి ఒక బోర్డు. కనిపించని తుపాకికి ఇంకో బోర్డు. రెండూ ఇంగ్లీషులోనూ ఉండాలి, స్పానిష్‌లోనూ ఉండాలి. అక్షరం అంగుళానికి తగ్గకూడదు, రంగు వెనక రంగులో కలవకూడదు, మనుషులు దూరే ప్రతి తలుపుకూ ఉండాలి. తుపాకి కొనడానికి ఇంత చదవనక్కర్లేదు కదా అని షెల్బీ అడిగింది. "అందుకేనమ్మా, వద్దనేవాళ్లే చదువుకోవాలి," అన్నాడు హోలిస్.

షెల్బీ పదో తరగతితో బడి మానేసింది. ఆ బడిలో రాయని రాత అంతా ఇప్పుడు మూడు మధ్యాహ్నాలు కూర్చుని రాసింది. ప్రతి అక్షరానికీ కిందొక గీత, పైనొక గీత, మధ్యలో సరిగ్గా అంగుళం. భయంకొద్దీ కొన్ని ఒకటిన్నర అంగుళాలు కూడా వేసింది. స్పానిష్ మాటలు వంటమనిషి లూపె చూసి పెట్టింది. "ఇంత మర్యాద లేకుండా మా భాషలో ఎవరూ మాట్లాడరు పిల్లా," అని ఆమె నొచ్చుకుంది. చట్టం మర్యాద అడగలేదని చెప్పి ఓదార్చవలసి వచ్చింది.

నాలుగో రోజుకు తలుపు సిద్ధమైంది. తలుపు అనడం అలవాటుకొద్దీ మాత్రమే. అద్దం మొత్తం అక్షరాలే. లోపలివాళ్లకు బయట ఎవరున్నారో కనిపించదు, బయటివాళ్లకు లోపల ఏముందో కనిపించదు. మొదటిరోజే గుడ్లు తెచ్చే మనిషీ, గుడ్లు తిని వెళ్లే మనిషీ ఢీకొని, పన్నెండు డజన్లు గడపకు సమర్పించుకున్నారు. 'తెరిచి ఉంది' అనే బోర్డుకు చోటు లేకపోయింది. కెఫే పేరుకూ చోటు లేకపోయింది. కొందరు బ్యాంకువాళ్లు తాళం వేశారనుకుని సానుభూతి కార్డులు పంపారు. ఓక్లహోమా నుంచి వచ్చిన ఒక జంట మ్యూజియం అనుకుని, ఇరవై నిమిషాలు నిలబడి రెండు భాషల్లోనూ చదివి, ఫోటో తీసుకుని, బాగుందని మెచ్చుకుని, ఆకలితో వెళ్లిపోయింది.

ఆరుగంటల బల్ల ఇప్పుడు చట్టాన్ని ధిక్కరించలేదు. చట్టం వాళ్లకు ప్రాణం. అందుకని లోపలికి రాకుండా, బయట బళ్ల దగ్గరే స్వాతంత్ర్య పోరాటం మొదలుపెట్టింది. ట్రక్కుల వెనక పలకలు దించి, వాటి మీద కూర్చుని, కాళ్లు ఊపుతూ పోరాడారు. పోరాటానికి కాఫీ కావాలి కదా, దాన్ని షెల్బీయే మోసుకెళ్లి పోయాలి. రోజుకు ముప్పై రెండు సార్లు. "పిల్లా, మేము నీమీద కోపంగా లేం. సిద్ధాంతం మీద ఉన్నాం. కొంచెం పంచదార," అనేవారు స్టకీ గారు.

షెల్బీకి మద్దతుగా పక్క జిల్లా నుంచి తల్లుల సంఘం వచ్చింది. పదకొండు తోపుడుబండ్లు, ఇరవై ప్లకార్డులు. పెద్ద బల్లను ఆక్రమించి మూడు గంటలు కూర్చుని, తలా ఒక గ్లాసు మంచినీళ్లు, అందులో నిమ్మచెక్క అడిగారు. వాళ్ల మద్దతు చాలా గట్టిది. ఆకలి చాలా తక్కువ.

విషయం కోర్టు భవనంలో ఊరి సభదాకా వెళ్లింది. కోర్టు భవనంలోకి తుపాకులు తేకూడదు గనక, తుపాకిని ఎక్కడికైనా తీసుకెళ్లే హక్కు కోసం వచ్చిన వాళ్లందరూ వరసలో నిలబడి, గుమ్మం దగ్గర అరల్లో తుపాకులు పెట్టి, ఇత్తడి బిళ్లలు తీసుకుని, ఎటువంటి ఆందోళన లేకుండా లోపల కూర్చున్నారు.

డెల్‌బర్ట్ గారు పదిహేడో నంబరు బిళ్లను గాలిలో ఊపుతూ ప్రసంగించారు. "సోదరులారా! సొంత స్థలం పవిత్రమైనది! వెర్నా గడపలో వెర్నా మాటే చెల్లాలి. దానికోసం నా ప్రాణమైనా ఇస్తాను! కానీ నా నడుం ఎవరిది? నా నడుం కూడా నా సొంత స్థలమే! నా స్థలం వెర్నా స్థలంలోకి వెళ్లినప్పుడు, ఏ స్థలం ఏ స్థలానికి లొంగాలి?"

చప్పట్లతో పైకప్పు అదిరింది. ఆ ప్రశ్నకు జవాబు ఎవరికీ తెలియకపోవడమే దాని గొప్పతనం.

షెల్బీ లేచింది. "అయ్యా, మీ ఇన్సూరెన్సు ఆఫీసు తలుపుకి కూడా ఇదే బోర్డుంది కదండీ?"

సభ డెల్‌బర్ట్ గారి వైపు తిరిగింది.

"అది హెడ్డాఫీసువాళ్లు పెట్టించారు, అమ్మాయ్. నాకు సిద్ధాంతపరంగా ఇష్టం లేదు. కానీ మా ఆఫీసు వేరు. ఇల్లు కాలిపోయినవాడికి డబ్బు రాదని చెప్పిన రోజు, మనిషి కాస్త ఆవేశంగా ఉంటాడు."

"ఉల్లిపాయ వద్దన్నా వేసిన రోజు మా దగ్గరా ఉంటారండీ," అంది షెల్బీ.

మేయరమ్మ రెండు వైపులా విని, రెండూ సరైనవేనని తీర్పు చెప్పింది. నిషేధించే హక్కు వెర్నాది, నొచ్చుకునే హక్కు ఊరిది. సభ ఆనందంగా ముగిసింది. పోతూపోతూ ముగ్గురు తమ తుపాకులు అరల్లోనే మర్చిపోయారు.

పోరాటం మరో వారం సాగి విజయవంతంగా ఆగింది. కారణం సిద్ధాంతం కాదు. బళ్లు నిలిపే చోట బాత్రూము లేదు. అరవై దాటిన వీరులకు ఆ లోటు ఎంత పెద్దదో చరిత్రకారులే రాయాలి. ఒక మంగళవారం ఎనిమిదిమందీ తుపాకులు ట్రక్కుల్లో పెట్టి, తలలు వంచుకుని లోపలికి వచ్చారు. బరువు తగ్గిన బెల్టులు వదులై, ఇద్దరు ప్యాంట్లు పట్టుకుని నడిచారు. షెల్బీ ఆ రోజు కాఫీ పోస్తూ పాట పాడింది. జూనీ బల్లల మధ్య పరుగెత్తింది. తల్లి ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

గెలిచినవాళ్లను సన్మానించడం బ్లూస్టెమ్ మర్యాద. నిన్న శుక్రవారం మధ్యాహ్నం కెఫే ముందు బల్ల వేసి, దాని మీద గుడ్డ పరిచి, పీకాన్ గింజల మిఠాయి 'పై' ముక్కలు పెట్టారు. డెల్‌బర్ట్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఈ అమ్మాయి మనకు ఒక పాఠం చెప్పింది. ఆమె భయపడుతోంది. మన ఊళ్లో ఒక తల్లి, ఒక ఆడబిడ్డను పెట్టుకుని, రోజూ భయపడుతూ బతుకుతోంది. ఇది మనకు సిగ్గుచేటు కాదా?"

షెల్బీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకు ఒకరు ఆ మాట అన్నారు.

"ఇక ఆమె భయపడనక్కర్లేదు!" అని డెల్‌బర్ట్ గారు రిబ్బను కట్టిన పెట్టె ఆమె చేతిలో పెట్టారు. లోపల పిస్తోలు. చిన్న చేతికి సరిపడేది, లేత ఊదారంగుది. రంగు ఆయన భార్య ఎంచిందట. తూటాలు విడిగా కొనే శ్రమ లేకుండా ముందే నింపించారట. ఊరంతా చందా వేసుకుంది. తల్లుల సంఘంలో కూడా ఇద్దరు వేశారు.

"అమ్మా, అది నాకా?" అంది జూనీ.

అందరూ హాయిగా నవ్వారు. ఎవరేమిచ్చినా థాంక్సు చెప్పాలని చిన్నప్పుడు నేర్పారు గనక షెల్బీ థాంక్సు చెప్పింది.

ఆ తరువాత దాన్ని ఎక్కడ పెట్టాలన్నది తేలలేదు. కెఫేలో పెట్టడానికి లేదు, తను రాసిన అంగుళం అక్షరాలు ఒప్పుకోవు. బండిలో పెట్టడానికి లేదు, ఆ వారంలోనే మూడు ట్రక్కుల అద్దాలు పగిలాయి. తుపాకులు ఇప్పుడు ఎక్కడుంటాయో దొంగలు తలుపు చదివి తెలుసుకున్నారు. ఊళ్లో అక్షరాస్యత అంత బాగుంది. తూటాలు తీసేయమని అడుగుదామంటే హోలిస్ అప్పటికే ఊరు దాటాడు, తనకేమో దాన్ని ముట్టుకోవడమే భయం. తిరిగి ఇచ్చేద్దామంటే అది కొన్న కొట్టు సోమవారందాకా తెరవరు. కాబట్టి రెండు రోజులే కదా అని, పెట్టెతో సహా ఇంట్లో ఫ్రిజ్ మీద, జూనీ పొద్దున పాలలో వేసుకుని తినే సీరియల్ డబ్బా వెనకాల, ఎవరికీ అందనంత ఎత్తున పెట్టింది.

ఇవాళ శనివారం. పిల్లల బడి లేదు. తలుపు పేరు ఊళ్లు దాటి పాకడం వల్ల కెఫే కిటకిటలాడుతోంది. జూనీ పక్కింటి ఓపల్ మామ్మతో ఇంట్లో ఉంది. మామ్మ బంగారం లాంటి మనిషి. ఎనభై ఒక్క ఏళ్లు. టీవీ పెడితే పది నిమిషాల్లో నిద్రపోతుంది. షెల్బీ రెండుసార్లు ఫోను చేసింది, ఎవరూ ఎత్తలేదు. మూడోసారి జూనీ ఎత్తింది.

"మామ్మ బజ్జుంది అమ్మా. నాకు ఆకలేస్తోంది."

"కదలకు కన్నా, నేనొస్తున్నా. ఎక్కడున్నావో అక్కడే కూర్చో."

"నువ్వు రానక్కర్లేదు. సీరియల్ నేనే తీసుకుంటా. కుర్చీ తెచ్చుకున్నా," అంది జూనీ గర్వంగా. ఫోను పెట్టేసింది.

షెల్బీ ఏప్రన్ విప్పకుండానే బండెక్కింది. కెఫే నుంచి ఇంటికి పదకొండు మైళ్లు, దారిలో గూడ్సు రైలు గేటు. స్థలం పవిత్రమా, నడుం పవిత్రమా అన్నది చాలా లోతైన ప్రశ్న, తీరిగ్గా కూర్చుని ఎన్నాళ్లయినా తేల్చుకోవచ్చు. మీలో ఎవరైనా ఆమె ఇల్లున్న మిల్ రోడ్డుకు ఆమె కన్నా దగ్గర్లో ఉంటే, కుడివైపు నాలుగో ఇల్లు, ముందు ఎర్ర మూడుచక్రాల సైకిలు పడి ఉంటుంది. తలుపు తట్టి ఆగకండి. నేరుగా వంటింట్లోకి వెళ్లి ఆ పిల్లను ఒకసారి చూడండి.