పదమూడు సెంటీమీటర్ల మెమరీ

ఇకమీదట ఏ పౌరుడికైనా నిమిషంలో సర్టిఫికెట్ చేతికొస్తుందని, రాకపోతే రాజీనామా గురించి ఆలోచించే విషయాన్ని పరిశీలిస్తానని జనన మరణాల నమోదు శాఖ మంత్రిగారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. ఇంత సూటిగా మాట్లాడే నాయకుడు దొరకడం మన అదృష్టమని మర్నాడు పేపర్లు రాశాయి. పథకం పేరు 'మెరుపు'. ముహూర్తం వచ్చే నెల మొదటి సోమవారం.

మెరవాల్సిన కంప్యూటర్ రెండో అంతస్తులో, బీరువాకీ గోడకీ మధ్య ఉంది. దాని ఆలనా పాలనా ఆపరేటరమ్మది. పది గంటలకు స్విచ్ వేస్తే, ఆమె బల్ల తుడిచి, సీసాలో నీళ్లు నింపుకొని, పక్క సెక్షన్‌లో అందరి యోగక్షేమాలు కనుక్కొని వచ్చేసరికి తెర మీద గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉండేది. పదకొండింటికి పాస్‌వర్డ్ అడిగేది. ఒక్క సర్టిఫికెట్ బయటపడాలంటే యాభై నిమిషాలు.

ఆపరేటరమ్మది కాంట్రాక్టు ఉద్యోగం. ఇద్దరు పిల్లల చదువులు, అత్తగారి మోకాళ్ల మందులు, ఇంటద్దె ఆ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి. సూపరింటెండెంటుగారు ఆమెను పిలిచి, కూర్చోమని కుర్చీ చూపించి మరీ సంగతి చెప్పారు.

"చూడమ్మా, సోమవారం మంత్రిగారి ముందు నిమిషంలో సర్టిఫికెట్ రాకపోతే నీ కాంట్రాక్టు పొడిగించేది లేదు. నిన్ను సొంత కూతురిలా చూసుకున్నాను. కూతురైనా తీసేసేవాణ్ణే."

ఆపరేటరమ్మ కుర్చీలోంచి లేచింది. తిన్నగా బావగారి కొట్టుకు వెళ్లింది. బావగారంటే ఆమె భర్తకు అన్నగారు, కంప్యూటర్లు బాగుచేస్తారు. ఆయన చెప్పినట్టే మర్నాడు కేసు విప్పి, లోపలి మెమరీ ముక్క మీద ఉన్నదంతా చీటీ మీద రాసుకొచ్చింది. బావగారు కళ్లజోడు సర్దుకొని చీటీ చదివారు.

"నీ మిషన్‌కి డీడీఆర్ త్రీ రకం మెమరీయే పడుతుందమ్మాయ్. ఫోర్ తెస్తే పట్టదు, ఫైవ్ అసలు పట్టదు, గాడి వేరేచోట ఉంటుంది. ల్యాప్‌టాప్‌ది పొట్టిది, అదీ వద్దు. ఒక స్లాట్ ఖాళీ ఉందన్నావుగా, ఎనిమిది జీబీది ఒకటి వేస్తే పరుగులు తీస్తుంది."

"ఎంతవుతుంది బావగారూ?"

"వాడినదైతే నాలుగు సినిమా టికెట్ల ఖర్చు. నా దగ్గరే ఉంది, పట్టుకెళ్లు."

ఆపరేటరమ్మకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నలుగురూ చూస్తున్నారని ఊరుకుంది. మర్నాడు చేతిరుమాల్లో చుట్టి తెచ్చిన ఆ ముక్కను సూపరింటెండెంటుగారి బల్ల మీద పెడితే, ఆయన కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నారు.

"ప్రభుత్వ కంప్యూటర్లో ప్రైవేటు వస్తువా? రేపది మన రహస్యాలన్నీ గుర్తుపెట్టుకుంటే?"

"కరెంటు పోతే దానికేమీ గుర్తుండదు సార్."

"అయితే మరీ ప్రమాదం. పద్ధతి ప్రకారం ఇండెంట్ పెట్టు."

ఇండెంట్ ఫారం ఆ శాఖ పుట్టినప్పటిది. కుర్చీలు, బకెట్లు, కర్టెన్లు, పూర్వం ఒకసారి గుర్రం కూడా ఆ ఫారం మీదే కొన్నారు. అందులో మూడే గడులు: పొడవు, బరువు, రంగు. చివర రిమార్కులని ఒకటుంది గానీ, దాన్ని సూపరింటెండెంటు, ఆపై స్థాయి వారే నింపాలి.

"డీడీఆర్ త్రీ అని రిమార్కుల్లో మీరొక ముక్క రాయండి సార్" అని ఆపరేటరమ్మ బతిమాలింది.

"నాకు రిమార్కులేమీ లేవమ్మా. ముప్పై ఏళ్ల సర్వీసులో ఒక్క రిమార్కు రాయలేదు. అందుకే ఇంతవాణ్ణయ్యాను."

చేసేదేముంది. ఆమె పాత ముక్కను కొలిచి పొడవు పదమూడు సెంటీమీటర్ల మూడు మిల్లీమీటర్లు అని రాసింది. తపాలా సెక్షన్ త్రాసులో తూచి బరువు ముప్పై గ్రాములని రాసింది. రంగు ఆకుపచ్చ.

ధర అందుబాటులో ఉందో లేదో, వస్తువు జత కుదురుతుందో లేదో తేల్చడానికి ముగ్గురు పెద్దలతో కమిటీ వేశారు. కొటేషన్లు మూడొచ్చాయి. బావగారి కొటేషన్‌లో డీడీఆర్, జీబీ అంటూ అడగని సంగతులు ఉన్నందున, శాఖను తప్పుదోవ పట్టించే ప్రయత్నంగా భావించి తిరస్కరించారు. రెండోది ఒక పెద్ద కంపెనీది, ఎనభై పేజీల రంగుల పుస్తకం. చివరి పేజీలో ధర చూశాక అధ్యక్షులవారు మంచినీళ్లు అడిగారు. మూడోది శాఖకు గమ్ సీసాలు సరఫరా చేసే స్టేషనరీ కాంట్రాక్టరుది. బావగారు చెప్పిన ధరలో పదో వంతుకే వస్తువు ఇస్తానన్నాడు. ప్రజాధనం ఆదా అయినందుకు కమిటీ తనను తాను అభినందించుకుంది.

శుక్రవారం సరుకు దిగింది. ఆకుపచ్చ ప్లాస్టిక్ స్కేలు. పదిహేను సెంటీమీటర్లదాన్ని పదమూడు పాయింట్ మూడు దగ్గర నీటుగా కోశారు. బరువు చాలక రెండు స్కేళ్లు కలిపి అతికించారు, ముప్పై గ్రాములు తూగేదాకా మధ్యలో గమ్ పోశారు.

"పొడవు సరిచూడండి" అన్నారు అధ్యక్షులు. కొలవడానికి ఇంకేమీ దొరక్కపోవడంతో ఆ వస్తువుతోనే ఆ వస్తువును కొలిచారు. వెంట్రుకవాసి తేడా లేదు. తన పొడవును తన మీదే ముద్రించుకున్న నిజాయితీగల సరుకును తన సర్వీసులో చూడలేదని రెండో సభ్యుడు కదిలిపోయారు.

ఆపరేటరమ్మ ఉండబట్టలేక నోరు విప్పింది. "సార్, ఇది స్కేలు."

"ఎలా చెప్పగలవు?"

"దీని మీద అంకెలున్నాయి సార్."

"అంటే మెమరీలో అంకెలుండవా?"

ఉంటాయని ఆమె ఒప్పుకోక తప్పలేదు. కమిటీ పాత మెమరీ పక్కన కొత్తదాన్ని పెట్టి చూసింది. ఒకే పొడవు, ఒకే రంగు. చిలకా గోరింకల్లా ఉన్నాయని, జత కుదిరిందని ముగ్గురూ సంతకాలు చేశారు.

ఆదివారమంతా ఆపరేటరమ్మకు అన్నం సయించలేదు. పిల్లల మీద అరిచింది. అత్తగారు మోకాలికి తైలం రాసుకుంటూ, "అంతగా అయితే చేత్తో రాసిచ్చేయవే, మా కాలంలో అలాగే ఇచ్చేవాళ్లు" అన్నారు. ఆపరేటరమ్మ అప్పుడు కంచం దగ్గరికి లాక్కుని రెండుసార్లు పెట్టించుకుంది.

సోమవారం ఆఫీసు పూలదండలతో నిండిపోయింది. రిబ్బను చుట్టిన మెమరీని మంత్రిగారు కంప్యూటర్ వెనక గాలి ఆడే సందులోంచి స్వహస్తాలతో లోపలికి జారవిడిచారు. అది ఎక్కడో లోపల టక్కుమని పడింది. పడ్డ శబ్దానికి చప్పట్లు మోగాయి. నెలల బిడ్డను ఎత్తుకొని ఒక తల్లి ముందుకొచ్చి పేరు, పుట్టిన తేదీ గట్టిగా చెప్పింది. మంత్రిగారు కీబోర్డు మీద తనకు నచ్చిన మీట నొక్కి, చేతి గడియారం చూసుకున్నారు.

బీరువా వెనక పీట మీద కూర్చున్న ఆపరేటరమ్మ ఖాళీ ఫారం మీద గుండ్రటి అక్షరాలు పేర్చుకుంటూ పోయింది. బీరువాను ఆనుకున్న ప్రింటర్ వెనక భాగంలోంచి కాగితాన్ని మెల్లగా తోసింది. అది ముందువైపు నుంచి హుందాగా బయటికొచ్చింది. నలభై ఆరు సెకన్లు.

మంత్రిగారు కాగితాన్ని వెలుతురుకు పట్టుకొని చూశారు. "ఈ ఫాంట్ ఎక్కడిదయ్యా? ముత్యాల్లా ఉన్నాయి."

"మన శాఖ సొంత ఫాంట్ సార్. విదేశాల్లో లేదు" అన్నారు సూపరింటెండెంటుగారు తడుముకోకుండా.

"కాస్త తడిగా ఉందే?"

"తాజాది కదా సార్."

మంత్రిగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అక్కడికక్కడే మైకు తెప్పించుకొని, ఇంత వేగంగా పనిచేసే మెమరీ ఉండగా ఆపరేటర్ జీతం దండగని, ఆ ఉద్యోగం ఈ క్షణమే రద్దని, ఆదా చేయడంలో తన ప్రభుత్వాన్ని మించింది లేదని ప్రకటించారు. చప్పట్లు రెండు నిమిషాలు ఆగలేదు.

బీరువా వెనకనుంచి ఆపరేటరమ్మ లేచి వచ్చింది. "నిమిషంలో వచ్చింది కదా సార్" అంది.

"వచ్చింది కాబట్టే తల్లీ నీ అవసరం తీరిపోయింది" అన్నారు సూపరింటెండెంటుగారు. ఆయనకు నిజంగానే బాధేసింది. "మంత్రిగారు కారెక్కేలోగా ఉత్తర్వు మీద సంతకం కావాలి. కంప్యూటర్ ఇంకా తిరుగుతోంది, టైపు చేసే టైం లేదు. నీ చేతిరాత బాగుంటుంది, నేను చెబుతా, నువ్వు రాసిపెట్టు."

ఆయన నిలబడి చెప్పారు. "సర్టిఫికెట్ నిమిషంలో వస్తున్నందున ఈ కార్యాలయంలో ఆపరేటర్ ఉద్యోగం తక్షణమే రద్దు చేయడమైనది. సూపరింటెండెంట్ యథావిధిగా కొనసాగును."

ఆపరేటరమ్మ కళ్లు తుడుచుకొని రాసింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. రెండు మాటలు మాత్రం ఒకదాని చోటు ఒకటి మార్చుకున్నాయి.

మంత్రిగారు కారు బానెట్ మీద కాగితం పరిచి, "ఇదీ అదే ఫాంట్" అని మురిసిపోయి సంతకం చేశారు. సూపరింటెండెంటుగారు పక్కనే నిలబడి గుండ్రటి ముద్ర వేసి, తక్షణమే అమలు చేయమని మెట్లెక్కి వెళ్లి స్వయంగా పై ఆఫీసులో అందజేశారు.

మంగళవారం సాయంత్రం వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పించుకున్న పెద్దమనిషి రెండు ముక్కలు మాట్లాడారు. ప్రభుత్వ ఉత్తర్వును శిరసావహించడం తన ధర్మమన్నారు. అందులోనూ అది తన చేత్తో ముద్ర వేసిన ఉత్తర్వని, పొరపాటు ఉండే ప్రసక్తే లేదని గర్వంగా చెప్పారు.